అదను తప్పనీయరాదు: పసిబిడ్డల వికాసమునకు తొలి చేయూత

తెలుగువారి ఇండ్లలో పసిబిడ్డ ఎదుగుదలకు ఒక తీపి లెక్క కలదు. బిడ్డ నవ్వినచో నువ్వుండలు, బోర్లపడినచో బొబ్బట్లు, అడుగులు వేసినచో అరిసెలు, పలుకులు నేర్చినచో పంచదార చిలకలు ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదురు. కేవలము ప్రాసకొరకు పుట్టిన ఆచారముగా ఇది తోచును గాని, దీనియందు మంచి వివేకము కలదు. బిడ్డ ఎప్పుడు ఏమి నేర్చెనో ఇంటిల్లిపాదియు కనిపెట్టి యుండవలెనని మన పెద్దలు కోరిరి. నేడు శిశువైద్యులు గమనించు వికాసపు మెట్లలో నవ్వు, బోర్లపడుట, నడక, మాట అనునవి ముఖ్యమైనవి. ఆ నాలుగును మన ఇండ్లలో ఏనాడో పండుగలైనవి.

అయితే ఒక్కొక్క ఇంట అరిసెల దినము అనుకొన్నప్పుడు రాదు. ఏడాది నిండును, ఏడాదిన్నర నిండును, బిడ్డ అడుగు వేయడు. మరియొక ఇంట పిలిచినను పలుకడు. అట్టి ఇండ్లలో వినవచ్చు మాట ఒక్కటియే: “కంగారెందుకు, అదే వస్తుంది.” పలువురు బిడ్డల విషయమున ఆ మాట నిజమే యగును. కాని నిజముగా సాయము కావలసిన బిడ్డకు, ప్రేమతో పలికిన ఆ మాటయే మరల దొరకని కాలమును హరించుచున్నది.

విత్తునకు అదను, బిడ్డకు అదను

అదనన నేమియో రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. తొలకరి పదునులో చల్లిన విత్తు కొలది శ్రమతో మొలకెత్తును. అదే విత్తును నెల తడసి చల్లినచో, ఎరువును నీరును రెట్టింపు చేసినను పంట అంతగా పండదు. శిశువు మెదడు విషయమున కూడ ఇట్లే జరుగును. రెండేండ్లు నిండునాటికి మెదడు పరిమాణము పెద్దవారి మెదడులో నాల్గింట మూడు వంతులను దాటియుండును. అంతకంటె ముఖ్యమైనది లోపల జరుగు అల్లిక. బిడ్డ చూచిన ముఖము, విన్న మాట, తాకిన వస్తువు, ప్రతిదియు నాడీకణముల నడుమ ఒక దారి వేయును. పలుమారులు నడచిన దారి బాటయగును. నడవని దారి పూడిపోవును.

కొన్ని ఉదాహరణములను చూచినచో ఈ సంగతి స్పష్టమగును. పుట్టుకతోనే కంటియందు శుక్లము గల బిడ్డకు తొలి రెండు మాసములలో శస్త్రచికిత్స జరిగినచో చూపు నిలుచుటకు అవకాశమెక్కువ. ఏండ్లు గడచిన పిదప శుక్లమును తీసివేసినను, చూచుట నేర్వని మెదడు ఆ కంటిని పూర్తిగా వాడుకొనజాలదు. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని శిశువును మడమనుండి తీసిన రక్తపు చుక్కతో గుర్తింపవచ్చును. తొలి రెండు వారములలో మాత్ర మొదలుపెట్టినచో బుద్ధిమాంద్యమును చాలవరకు నివారింపవచ్చును. ఆ మాత్ర ఖరీదైనది కాదు. అదే మాత్రను ఏడాది తరువాత మొదలుపెట్టినచో శరీరము కోలుకొనును గాని, మెదడునకు కలిగిన నష్టము పెక్కుపాళ్లు మిగిలిపోవును.

పాదములు లోపలికి వంకర తిరిగి పుట్టిన బిడ్డలకు అమెరికా దేశపు అయోవా విశ్వవిద్యాలయ వైద్యుడు ఇగ్నేషియో పొన్సెటి రూపొందించిన పద్ధతి నేడు మన దేశమందును అమలులో నున్నది. వారమున కొక పిండికట్టు చొప్పున అయిదారు కట్టులు కట్టి పాదమును మెల్లమెల్లగా సరిచేయుదురు. చాలమందికి మడమ వద్ద నరమును కొలదిగా విడదీయుటయు అవసరమగును. అటుపిమ్మట నాలుగేండ్ల వయస్సు వరకు రాత్రులందు ప్రత్యేకపు జోళ్లు తొడుగవలెను. తొలి వారములలో మొదలుపెట్టిన బిడ్డ తోటివారితో సమానముగా పరుగెత్తగలడు.

అన్ని లోపములును ఇట్లు చికిత్సతో తీరునవి కావు. డౌన్ సిండ్రోము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ యను మస్తిష్క పక్షవాతము బిడ్డతో జీవితాంతము ఉండును. వీరి విషయమున తొలి చేయూత యనగా వ్యాధిని పోగొట్టుట కాదు. బిడ్డ తనకు సాధ్యమైనంత కదలుటకు, తినుటకు, తన కోరిక తెలుపుటకు, నలుగురితో ఆడుకొనుటకు దారి చూపుట. ఇది చిన్న మేలు కాదు. తన చేతితో ముద్ద నోట పెట్టుకొనగల బిడ్డకును, పెట్టుకొనలేని బిడ్డకును గల అంతరము ఆ తల్లికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు.

ఒక ఇంటి సంగతి

ఒక పల్లెయందలి ఇంటిని ఊహింపుడు. మగబిడ్డ, తొమ్మిది మాసములు నిండినవి. చక్కగా కూర్చుండును, చూచిన వారికెల్ల నవ్వును. తల్లికి మాత్రము మనస్సులో ఒక వెలితి. వెనుకనుండి పిలిచినచో బిడ్డ తిరిగి చూడడు. మొదటి మాసములలో ఊకొట్టుచు శబ్దములు చేసినవాడు, రానురాను మౌనము వహించుచున్నాడు. వినికిడి లేని బిడ్డలు సైతము తొలుత అందరివలెనే శబ్దములు చేయుదురు. తమ గొంతు తమకు వినబడకపోవుటచే క్రమముగా మానివేయుదురు. ఈ సంగతి ఎరుగక పెక్కు కుటుంబములు మోసపోవును.

అత్తగారితో చెప్పగా ఆమె, “మీ ఆయనకూ మూడేళ్లదాకా మాటలు రాలేదమ్మాయ్, దిగులు పడకు” అనెను. వసకొమ్ము అరగదీసి నాకించిరి. నాలుక క్రింది నరము కోయించిన మాటలు వచ్చునని ఒకరు చెప్పిరి. మొక్కు చెల్లించుమని మరియొకరు చెప్పిరి. నోటికి చేసిన ఈ వైద్యములు చెవిని తాకవు గదా! ఇట్లే సాగినచో బిడ్డకు రెండున్నర యేండ్లు నిండిన పిదప గాని పట్టణపు వైద్యుని కడకు పోవుట సంభవింపదు. అప్పటికి భాషకు అనువైన కాలము చాలవరకు గడచిపోవును.

అదే ఇంటి సంగతి వేరొక విధముగా జరుగుటకును వీలున్నది. టీకాల దినమున అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల వెనుక నిలిచి పళ్లెముపై గరిటెతో కొట్టినది. తక్కిన పిల్లలు ఉలికిపడి తిరిగి చూచిరి. ఈ బిడ్డ తిరుగలేదు. ఆమె తల్లిని భయపెట్టక, అత్తగారి ప్రక్కన కూర్చుండి, “పెద్దమ్మా, పిల్లవాడు బాగానే ఉన్నాడు. చెవి ఒక్కటీ చూపిద్దాం. వినబడుతోందని తేలితే మనకే నిశ్చింత కదా” అనెను. ఆ మాట ఇంటివారి మనస్సునకు ఎక్కినది. బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపిరి. అచ్చట బిడ్డ నిద్రించుచుండగా తలపై చిన్న తీగలనంటించి, ధ్వనికి మెదడు స్పందించు తీరును యంత్రముతో కొలిచిరి. బిడ్డకు తీవ్రమైన వినికిడి లోపము కలదని తేలినది.

ఆ రాత్రి ఆ ఇంట పొయ్యి రాజలేదు. కాని మరునాటినుండి పని మొదలైనది. రెండు చెవులకు వినికిడి యంత్రములు అమర్చిరి. మాట నేర్పు విధానమును తల్లికి బోధించిరి. యంత్రములతో చాలినంత ఫలితము లేనిచో కాక్లియర్ ఇంప్లాంటు అమర్చు శస్త్రచికిత్స కలదు. కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకము క్రింద అర్హులైన చిన్నబిడ్డలకు దీనికి సాయము లభించును. పలుకుతోపాటు సైగభాషను నేర్పుటయు మేలే. సైగభాష కూడ వ్యాకరణము గల నిండు భాషయే.

రెండు తీరులలోను బిడ్డ ఒక్కడే, లోపమును ఒక్కటే. భేదము ఇరువది మాసములు మాత్రమే. అందుచేతనే వైద్యులు వినికిడి విషయమున 1-3-6 అను లెక్కను పాటింతురు: ఒక మాసములోపల తొలి పరీక్ష, మూడు మాసములలోపల లోపనిర్ధారణ, ఆరు మాసములలోపల సాయము.

ఊరినుండి జిల్లా కేంద్రము వరకు

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. నేడు సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రములు పనిచేయుచున్నవి. బిడ్డల లోపములను తొలిదశలోనే గుర్తించుటకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 ఫిబ్రవరి 6న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభింపబడినది. పుట్టుకతో వచ్చిన లోపములు, వ్యాధులు, పోషక లోపములు, వికాసపు జాప్యములు అను నాలుగు తరగతులలో 30 ఆరోగ్య సమస్యలను ఎంచి, 18 ఏండ్ల వయస్సు వరకు బిడ్డలను పరీక్షించుట దీని ఉద్దేశము.

ఈ ఏర్పాటునకు మూడు మెట్లు కలవు. ప్రసవము జరిగిన ఆసుపత్రిలో వైద్యసిబ్బంది శిశువును తల మొదలు పాదముల వరకు పరీక్షింతురు. అటుపిమ్మట ఆరు వారముల వరకు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూచును. ఆసుపత్రిలో ప్రసవమైనచో 3, 7, 14, 21, 28, 42వ దినములందు ఆరు మారులు వచ్చును. ఇంటివద్ద ప్రసవమైనచో మొదటి దినమును కలుపుకొని ఏడు మారులు. 3, 6, 9, 12, 15 మాసములు నిండినప్పుడును ఆమె రావలసియున్నది. ఆరు వారములు మొదలు ఆరేండ్ల వరకు బిడ్డలను సంచార వైద్యబృందము అంగన్‌వాడీ కేంద్రమునందే ఏటికి రెండు మారులు పరీక్షించును. సందేహము కలిగిన బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. శిశువైద్యుడు, వ్యాయామ చికిత్సకుడు, వినికిడి మరియు మాట నిపుణుడు, కంటి పరీక్షకుడు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు మున్నగువారు ఒకేచోట లభింపవలెననుట ఆ కేంద్రము ఆశయము. అచ్చటి సేవలు ఉచితము.

నెలలు నిండకమునుపు పుట్టినవారు, పుట్టగానే ఏడ్వనివారు, తీవ్రమైన పచ్చకామెరలు లేక మూర్ఛలు వచ్చినవారు మరింత జాగరూకతతో చూడదగినవారు. 34 వారములకు ముందు పుట్టిన, లేక రెండు కిలోలకంటె తక్కువ బరువు గల శిశువునకు పుట్టిన నాలుగు వారములకు కంటి రెటీనా పరీక్ష తప్పక జరుగవలెను. మిగుల ముందుగా పుట్టినవారికి ఇంకను త్వరగా జరుగవలెను. బయటికి కన్ను చక్కగానే కనబడును. లోపల రక్తనాళములు వికటించినచో కొలది దినములలోనే చూపు పోవచ్చును.

వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. అది 7 వైకల్యముల స్థానమున 21 వైకల్యములను గుర్తించినది. బిడ్డలందరిని ఏటికొక మారైనను పరీక్షింపవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. 2021 జూన్ 17న దేశమున 14 చోట్ల అన్ని వైకల్యములకును ఒకేచోట సేవలందించు తొలిచేయూత కేంద్రములు ప్రారంభమైనవి. వానిలో సికింద్రాబాదు, నెల్లూరు కేంద్రములు తెలుగు కుటుంబములకు చేరువలో నున్నవి.

గమనింపవలసిన గురుతులు

ప్రతి బిడ్డయు ఒకే దినమున నడువడు. భారతదేశపు బిడ్డలను కూడ చేర్చుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనమున, ఆరోగ్యవంతులైన బిడ్డలు 8 మాసములు మొదలు 18 మాసములలోపల ఎప్పుడైనను తమంత తాము నడచుట కనబడినది. కావున పొరుగింటి బిడ్డతో పోల్చి దిగులు పడనక్కరలేదు. కాని ప్రతి మెట్టునకును ఒక తుది హద్దు కలదు. ఈ క్రింది గురుతులలో ఒక్కటి కనిపించినను బిడ్డను చూపింపవలెను:

మూడు మాసములు నిండినను ముఖము చూచి నవ్వకుండుట.
అయిదు మాసములు నిండినను మెడ నిలుపకుండుట.
ఆరు మాసములు నిండినను శబ్దము వచ్చిన వైపునకు తిరుగకుండుట.
పది మాసములు నిండినను ఆసరా లేక కూర్చుండకుండుట.
ఏడాదిన్నర నిండినను నడువకుండుట, అర్థముగల ఒక్క మాటయు పలుకకుండుట.
రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి చెప్పకుండుట.
ఏ వయస్సునందైనను, నేర్చిన మాటను గాని పనిని గాని మరచిపోవుట.

కొలతబద్దలు కూడ సులభమైనవి కలవు. తిరువనంతపురములోని శిశువికాస కేంద్రమువారు 1991లో ప్రకటించిన పరీక్షాపట్టిక రెండేండ్లలోపు బిడ్డలకొరకు 17 అంశములతో కూర్పబడినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త దానిని కొలది నిమిషములలో ముగింపగలదు. తల్లీబిడ్డల రక్షణ కార్డునందును వికాసపు మెట్లు ముద్రింపబడి యున్నవి. టీకాల పుట మాత్రమే గాక ఆ పుటయు తిప్పి చూడవలెను.

ఇల్లే తొలి బడి

జిల్లా కేంద్రమునకు పోవుట మాటలతో జరుగు పని కాదు. కూలి పోవును, బస్సు ఖర్చగును, ఇంట మరియొక బిడ్డను చూచుకొనువారు ఉండరు. వారమున కొకమారు అరగంట జరుగు చికిత్సతో బిడ్డ ఎంతయు నేర్వడు. మిగిలిన కాలమంతయు ఇంటియందే గడచును గదా! కావున నిపుణుని ప్రధాన కర్తవ్యము తాను చికిత్స చేయుటకంటె, తల్లిదండ్రులకు నేర్పుట. నేర్పునది కూడ వేరొక పనిగా తల్లి నెత్తిన మోపరాదు. ఆమె నిత్యము చేయు పనులలోనే ఇమడవలెను.

నలుగుపెట్టి, కాళ్లపై పరుండబెట్టుకొని నీళ్లు పోయు అవ్వయే బిడ్డకు తొలి పరీక్షకురాలు. కాలు బిగుసుకొని మడవకున్నను, చేయి వ్రేలాడుచున్నను ముందుగా ఆమె చేతికే తెలియును. ఆమె మాటను వైద్యుడు మన్నింపవలెను. ఆ స్నానమునందే నిపుణుడు చూపిన రీతిని బిగిసిన కాళ్లను మెల్లగా సాచుట అలవరచుకొనవచ్చును. అన్నము తినిపించునపుడు బిడ్డను వెల్లకిల పరుండబెట్టక, తల నిలిపి కూర్చుండబెట్టి తినిపించినచో కొరపోవుట తగ్గును. ముద్ద నోటికందించు ముందు “బువ్వ” అని పలికి, బిడ్డ చూచువరకు క్షణమాగినచో అదియే మాట నేర్పు పాఠము. తారంగమాడించుటలో చేతులు కలియును, దాగుడుమూతలలో కనబడని వస్తువు ఉన్నదను జ్ఞానము కలుగును. వంటింటి గిన్నెలు, మూతలు, గరిటెలు చాలును. వెలగల ఆటవస్తువులు అవసరము లేదు. చేతఫోను చూపి బిడ్డను మరపించుట మాత్రము తగదు. తెర పలికినను బిడ్డకు బదులు చెప్పదు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో వెలువరించిన నవచేతన అను ప్రణాళికయందు, పుట్టుక మొదలు మూడేండ్ల వరకు మాసక్రమమున ఇట్టి 140 ఆటపాటలు చేర్చబడినవి. దివ్యాంగ శిశువులను గుర్తించి, తోటి పిల్లలతో కలిపి చూచుకొను విధానమును 2023 నవంబరు 28న అదే శాఖ అంగన్‌వాడీలకు నిర్దేశించినది. కలిపి చూచుకొనుట యనగా బిడ్డను మూలన కూర్చుండబెట్టుట కాదు. నడువలేని బిడ్డ ఉన్నచో అందరును నేలపై కూర్చుండి ఆడు ఆటను ఎన్నుకొనుట. వినలేని బిడ్డ ఉన్నచో పాటతో పాటు అభినయము చూపుట. వీనివలన తక్కిన పిల్లలకును మేలే కలుగును.

నింద ఎవ్వరిది?

బిడ్డయందు లోపము కనిపించినంతనే పలు ఇండ్లలో తల్లిని నిందించుట పరిపాటి. పెదవి చీలి పుట్టినచో గ్రహణమొర్రి యని, గ్రహణమునాడు ఆమె బయటికి వచ్చుటచే కలిగినదని అందురు. గ్రహణమునకును ఆ చీలికకును ఏ సంబంధమును లేదు. తగిన వయస్సున శస్త్రచికిత్స జరిగినచో పెదవియు అంగిలియు చక్కబడును. మేనరికపు వివాహములలో కొన్ని వంశానుగత లోపములు, వినికిడి లోపముతో సహా, వచ్చు అవకాశము కొంత హెచ్చన్నది నిజమే. కాని అది తల్లి ఒక్కతె దోషము కాదు; రెండు వైపులనుండి వచ్చిన బీజముల కలయిక. పెక్కుసార్లు కారణమే తెలియదు. నిందించుటకు గడచిన దినములు బిడ్డకు దక్కని దినములే.

తండ్రి బాధ్యత ఇచ్చట ముఖ్యము. కేంద్రమునకు బిడ్డను ఎత్తుకొని పోవుట, రాత్రులందు జోళ్లు తొడుగుట, యంత్రపు బ్యాటరీ మార్చుట తల్లి ఒక్కతెకే విడువదగిన పనులు కావు. బిడ్డకు వైకల్యపు ధ్రువపత్రము వచ్చువరకు సాయము మొదలుపెట్టరాదన్న భ్రమయు వలదు. సందేహము చాలును, పత్రము తరువాత వచ్చును. చూపించిన పిదప లోపము లేదని తేలినచో నష్టపోవునది ఒక దినపు పని మాత్రమే.

అరిసెలు పంచుటకు పంచాంగము ముహూర్తము నిర్ణయింపదు. అడుగు పడిన దినమే పండుగ. ఒక బిడ్డకు అది పదునొకండవ మాసమున రావచ్చును. మరియొక బిడ్డకు నాలుగవ యేట, కాళ్లకు పట్టీలు తొడిగి, గోడ పట్టుకొని రావచ్చును. ఆ నాడును ఆ ఇంట బాణలి పొయ్యి మీదికి ఎక్కవలెను. ఆ దినము వచ్చుటకై, బిడ్డ బోర్లపడని నాడే తల్లి ఆశా కార్యకర్తను గాని అంగన్‌వాడీ కార్యకర్తను గాని అడుగవలెను.